పాపికొండలలో ఒక పగలు

పలివెలలో నుయ్యి త్రవ్వినా, చేను దున్నినా, కొబ్బరితోటకు బోదె తీసినా మట్టి వస్తుంది గాని రాయి రాదు. కోనసీమ అంతటా ఇదే సంగతి. ఇంటి పునాదికి గాని, గుడిమెట్టుకు గాని రాయి కావలెనంటే గోదావరి దాటించి తెచ్చుకొనవలసినదే. రాయి లేని ఈ నేల ఎక్కడినుండి వచ్చినది? నది తెచ్చిన ఒండ్రు అని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకొంటుంది. ఆ వాక్యాన్ని కళ్ళతో చూడదలచిన విద్యార్థికి ఒక పగలు చాలు. రాజమహేంద్రవరం నుండి ఉదయం బయలుదేరి చీకటిపడే వేళకు తిరిగివచ్చే పాపికొండల యాత్ర అందుకు తగినది.

ఈ యాత్రను సాధారణంగా విహారంగానే ఎంచుతారు. టిక్కెట్టు కొన్నవారికి బస్సు, లాంచీ, ఫలహారం, భోజనం, వెంట ఒక గైడు ఏర్పాటవుతాయి. గైడు చెప్పేది చాలవరకు కొండలకు ఆ పేరు ఎట్లు వచ్చినదన్న కథ. తలలో పాపిడి తీసినట్లు నది కొండలను రెండుగా విడదీసినది గనుక పాపిడికొండలు పాపికొండలైనవని అతడంటాడు. కథ బాగానే ఉన్నది. కాని ఆ పాపిడిని తీసినది ఏ దువ్వెన, ఎంత లోతుగా తీసినది అన్న ప్రశ్న కథకంటె ఆసక్తికరమైనది.

పలివెలవారు రావులపాలెం మీదుగా వచ్చి, జొన్నాడ వంతెనపై గౌతమీ పాయను దాటి, కడియపు పూలతోటలను ఆనుకొని రాజమహేంద్రవరం చేరుతారు. ఇంతవరకు దారి అంతా చదునైన నేల. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజి ఉన్నది. దానికి దిగువనే నది గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలై, వాటి నడుమ కోనసీమను ఉంచుకొన్నది. బొబ్బర్లంక వద్ద బయలుదేరే కాలువలు మధ్య డెల్టాకు నీరిస్తాయి. కనుక పలివెల చేలలో పారే ప్రతి చుక్కా పాపికొండల సందులోనుండి వచ్చినదే.

రాజమహేంద్రవరం దాటగానే నేల స్వభావం మారుతుంది. శివారులోని కాతేరు క్వారీలలో నల్లని బసాల్టు రాయి బయటపడినది. ఇది దక్కను పీఠభూమిలో సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రితం ఉబికిన లావా జాతికి చెందినది. ఆ లావా ప్రధానంగా పరచుకొన్న ప్రాంతం ఇక్కడికి ఎంతో దూరాన మహారాష్ట్రలో ఉన్నది. గోదావరి జన్మస్థానమైన నాసికు సమీపపు త్ర్యంబకం కొండలు కూడ ఆ లావాతో ఏర్పడినవే. ఆ కొండలనుండి సముద్రానికి నది నడక 1465 కిలోమీటర్లు. దానికి నీరిచ్చే నేల 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైచిలుకు, అనగా భారతదేశ వైశాల్యంలో ఇంచుమించు పదింట ఒక వంతు. ఇంత నేలపై కురిసిన వానలో నదిని చేరినదంతా చివరకు ఒకే సందులో దూరవలసి వస్తున్నది. ఆ సందే పాపికొండలు.

పూర్వం లాంచీలు దిగువనుండే, పట్టిసీమ, పోలవరం మీదుగా ఎగువకు పోయేవి. పోలవరం ప్రాజెక్టు కట్టడం నదికి అడ్డము వచ్చిన తరువాత ఆ దారి మూతబడినది. 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఇప్పుడు యాత్రికులు బస్సులో కట్టడం దాటి, గండిపోచమ్మ గుడి దగ్గరి రేవులో లాంచీ ఎక్కుతారు. ఎగువన నీరు నిలిచి, దేవీపట్నం ప్రాంతపు ఊళ్ళు కొన్ని మునిగినవి. నీటిపైకి కనబడే ఇంటికప్పులను, మానులను చూపి గైడు పేర్లు చెబుతాడు. ఆ ఊళ్ళవారు పునరావాస కాలనీలకు పోయినారు.

లాంచీ కదలిన కొంతసేపటికి కొండలు రెండువైపులా దగ్గరకు వస్తాయి. ఒడ్డున బయటపడిన రాళ్ళను ఇక్కడ శ్రద్ధగా చూడవలెను. తుప్పురంగుతో, పొరలు పొరలుగా కనబడేది ఖోండలైటు. ఒరిస్సా కొండలలో నివసించే ఖోండుల పేరుమీద ఆ రాతికి పేరు పెట్టారు. పగిలిన ముక్కలో గార్నెట్ అనే ఎర్రని గింజలు మెరుస్తాయి. మరికొన్నిచోట్ల ముదురుగా, గట్టిగా ఉండేది చార్నొకైటు. కలకత్తాలో జాబ్ చార్నొక్ సమాధిపై ఉన్న పలక ఈ రాతిదే కావడంచేత శాస్త్రజ్ఞుడు హాలండు 1893లో దానికి ఆ పేరు పెట్టినాడు. సమాధిరాతి నుండి ఒక శిలాజాతికి పేరు రావడం శాస్త్రచరిత్రలో తరచు జరిగే పని కాదు. ఇవన్నీ భూగర్భంలో అధికమైన వేడికి, ఒత్తిడికి లోనై మారిపోయిన రూపాంతర శిలలు. వయస్సు నూరు కోట్ల యేండ్లకు తక్కువ కాదు. కోనసీమ ఒండ్రునేల వయస్సు కొద్ది వేల యేండ్లు మాత్రమే. ఒకే పగటిలో విద్యార్థి ఈ రెంటినీ తాకవచ్చును.

అంతేకాదు. కొండరాయి శిథిలమైనపుడు మెత్తని ఖనిజాలు బురదగా పోతాయి. గార్నెట్ వంటి గట్టి, బరువైన గింజలు ఇసుకతోపాటు దొర్లుకొంటూ సముద్రం చేరుతాయి. కోనసీమ తీరపు ఇసుకలో అక్కడక్కడ నలుపు, ఎరుపు చారలుగా కనబడేవి ఇట్టి గింజలే. కోనసీమలో రాయి లేదన్న మాట అందుచేత పూర్తిగా నిజం కాదు. రాయి ఉన్నది, పొడియై ఉన్నది.

నది సన్నబడినపుడు ఏమవుతుంది? ఈ యాత్రలో నేర్చుకొనదగినది ఇదే. ఈ ప్రశ్నకు ప్రాణాలతో సంబంధం ఉన్నది గనుక లెక్కవేసి చూడడం మంచిది.

రాజమహేంద్రవరం వద్ద 1900లో తెరచి 1997లో రైళ్ళ రాకపోకలు ఆపిన హేవలాక్ వంతెనకు ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలున్నవి. అనగా నీరు పారడానికి 8400 అడుగుల వెడల్పు. పాపికొండలలో నది కొన్నిచోట్ల 300 గజాలకు, అంటే 900 అడుగులకు కుంచించుకొనిపోతుంది. ఒక ఓ మోస్తరు వరద, 5 లక్షల క్యూసెక్కులు, వచ్చినదనుకొందాము. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. వెడల్పును, లోతును, వేగాన్ని గుణిస్తే ప్రవాహం వస్తుంది. వంతెన వద్ద నీరు సెకనుకు 4 అడుగుల చొప్పున నడిస్తే లోతు సుమారు 15 అడుగులుంటే సరిపోతుంది. అదే నీరు అదే వేగంతో 900 అడుగుల సందులోనుండి పోవలెనంటే లోతు 139 అడుగులు కావలెను. వేగం రెండింతలు చేస్తే లోతు 69 అడుగులు. ఇవి తరగతిలో నల్లబల్లపై వేసే లెక్కకు తీసుకొన్న అంకెలేగాని కొలిచినవి కావు. అయినా నది ఎట్టి ఇరకాటంలో పడుతున్నదో వీటిని బట్టి తెలుస్తుంది. సన్నబడిన నది లోతు పెంచుకొనవలెను, లేదా వేగం పెంచుకొనవలెను. పాపికొండలలో అది రెండు పనులూ చేస్తున్నది.

లోతు ఎంతవరకు పోయినదో పోలవరం పునాదులు తెలిపినవి. అక్కడ నదిపడకలో ఇసుక క్రింద గట్టిరాయి తగలడానికి కొన్నిచోట్ల సుమారు 90 మీటర్లు దిగవలసి వచ్చినది. అది నేటి సముద్రమట్టం కంటె ఎంతో దిగువ. సముద్రంలో కలిసే నది సముద్రమట్టానికి అంత దిగువకు రాతిని ఎట్లు కోయగలదు? సుమారు 20 వేల యేండ్ల క్రితం, మంచుయుగం తీవ్రంగా ఉన్నపుడు, సముద్రమట్టం ఇప్పటికంటె 120 మీటర్ల వరకు క్రిందికి దిగి ఉండెను. గమ్యం దిగువకు పోయినది గనుక నది కూడ తన పడకను లోతుగా కోసుకొన్నదనుకొనడం సమంజసం. మంచు కరగి సముద్రం పైకి వచ్చినపుడు ఆ లోయ ఇసుకతో నిండినది. సముద్రమట్టం స్థిరపడిన తరువాతి ఆరేడు వేల యేండ్లలో నది తెచ్చిన మట్టి దిగువన పరచుకొని డెల్టా పెరిగినది.

వర్షాకాలంలో తప్ప ఈ ఇరుకు మడుగువలె నిశ్చలంగా కనబడుతుంది. చూచేవారు మోసపోయేది ఇక్కడనే. నీరు నెమ్మదిగా ఉన్నదంటే నది లోతుగా ఉన్నదని అర్థంగాని, నిరపాయమని కాదు. వరద రోజులలో ఒడ్డునుండి ముందుకు పొడుచుకొని వచ్చిన రాతిముక్కులకు నీరు కొట్టుకొని, వెనుకభాగాన సుడులు తిరుగుతుంది. మలుపుల వద్ద పైనీరు బయటి ఒడ్డుకు, అడుగునీరు లోపలి ఒడ్డుకు పోతూ మెలికపడి ప్రవహిస్తుంది. ఎదురు ప్రవాహం గంటకు 9 కిలోమీటర్లున్నచోట, నిలకడనీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోగల లాంచీకి మిగిలేది 3 కిలోమీటర్ల నడక. అట్టి స్థితిలో అది సుడికి చిక్కి పక్కకు తిరిగితే సరంగుకు చుక్కాని అదుపు తప్పడం కష్టమైన పని కాదు.

2019 సెప్టెంబరు 15న ఈ సందులోనే, కచ్చులూరు వద్ద, డెబ్బయిమందికి పైగా ఎక్కిన యాత్రికుల లాంచీ మునిగిపోయినది. 26 మంది మాత్రమే బయటపడినారు. ఆనాడు నదిలో 5 లక్షల క్యూసెక్కుల వరద ఉన్నట్లు వార్తలు చెప్పినవి. నల్లబల్లపై వేసిన లెక్క ఆ అంకెతోనే. లాంచీ 200 అడుగులకు పైబడిన లోతుకు దిగిపోయినది. దానిని పైకి తీయడానికి ఐదు వారాలు పట్టినది. అంతకు ముందటి యేడు, 2018 మే 15న, వరద లేని వేసవిలోనే, మంటూరు దగ్గర గాలివానకు ఒక లాంచీ మునిగినది. కనుక వరద ఒకటే శత్రువు కాదు. కొండల నడుమ సన్నని సందులో వీచే గాలి గొట్టంలో ఊదినట్లు బలపడుతుంది.

కచ్చులూరు తరువాత యాత్రలు చాలకాలం ఆగిపోయి, 2021 చివర మళ్ళీ మొదలైనవి. నదిలో నీటిమట్టం, లాంచీలో ఎక్కినవారి లెక్క, సరంగు అనుమతిపత్రం చూచి పంపడానికి రేవులలో కంట్రోలు రూములు పెట్టినారు. విద్యార్థులను తీసుకొనిపోయే ఉపాధ్యాయుడు ఆ లెక్కను తానుకూడ ఒకసారి వేసుకొనడంలో తప్పు లేదు. లాంచీపై వ్రాసి ఉన్న పరిమితి ఎంత, ఎక్కినవారు ఎందరు అన్న రెండే ప్రశ్నలు.

ఆ పరిమితి ఎందుకో తెలియాలంటే లాంచీ నీటిపై ఎట్లు నిలుస్తున్నదో తెలియవలెను. లాంచీ బరువంతా గరిమనాభి ద్వారా క్రిందికి పనిచేస్తుంది. లాంచీ తొలగించిన నీటి మధ్యబిందువు ద్వారా నీరు దానిని పైకి నెట్టుతుంది. లాంచీ ఒక ప్రక్కకు ఒరిగితే, ఆ ప్రక్క ఎక్కువ నీరు తొలగుతుంది గనుక పైకి నెట్టే బలం ఆ వైపుకే జరిగి, దానిని తిరిగి నిలబెడుతుంది. ఇది గరిమనాభి దిగువగా ఉన్నంతవరకే. భోజనం ముగించి యాత్రికులందరు పై అంతస్తుకు ఎక్కితే గరిమనాభి పైకి పోయి, నిలబెట్టే శక్తి తగ్గుతుంది. పైనున్న వారందరు పాపికొండలు కనబడగానే ఫోటోలకు ఒకే ప్రక్కకు పరుగెత్తితే గరిమనాభి ప్రక్కకు కూడ జరుగుతుంది. అపుడు బరువు ఒరుగును సరిదిద్దక, దానికే తోడ్పడుతుంది. సరంగు కూర్చోండి అని అరచినపుడు యాత్రికులు విసుగుకొంటారు. అతడు చెప్పేది భౌతికశాస్త్రమే.

ఇక లైఫ్ జాకెట్టు. నీటిలో మునిగిన మనిషి శరీరం దాదాపు నీటి సాంద్రతే గనుక అతని బరువు ఇంచుమించు సున్న. నీటిపైన నిలపవలసినది నాలుగైదు కిలోల తల మాత్రమే. అందుచేతనే కొద్దికిలోల ప్లవనబలమున్న చిన్న జాకెట్టు పెద్దమనిషిని తేల్చగలదు. అయితే పట్టీలు బిగించి ఉండవలెను. భుజాలపై ఊరకే తగిలించుకొన్న జాకెట్టు తాను తేలుతుంది, మనిషిని వదలివేస్తుంది. ఉక్కగా ఉన్నదని విప్పి ఒళ్ళో పెట్టుకొన్నది దిండుకు పనికివస్తుంది.

లాంచీ పోయే దారికి ఇరుప్రక్కలా ఉన్న అడవిలో చాలభాగం పాపికొండ జాతీయోద్యానం. 1978లో అభయారణ్యంగాను, 2008లో జాతీయోద్యానంగాను ప్రకటించారు. వైశాల్యం 1012 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పశువుల మేతకు అనుమతి ఇవ్వవచ్చును. జాతీయోద్యానంలో దానికి తావులేదు. పులి, చిరుత, అడవిదున్న, కణితి, ఎలుగుబంటి ఇక్కడ ఉన్నవి. అయితే పగటివేళ ఇంజను చప్పుడు చేసుకొంటూ నది మధ్యన పోయే లాంచీనుండి పులిని చూడగలమని ఎవరైన చెబితే నమ్మరాదు. నీటికాకులు, లకుముకిపిట్టలు కనబడతాయి. అదృష్టముంటే ఒడ్డురాళ్ళపై మొసలి.

చూడదగిన జంతువు మరొకటి ఉన్నది. దానిని ఎవరూ లెక్కచేయరు. అది కోతి. దక్షిణభారతపు కోతికి తోక శరీరం కంటె పొడవు. నడినెత్తిపై వెంట్రుకలు టోపీవలె పాయలుగా ఉంటాయి. ఉత్తరభారతపు కోతికి తోక పొట్టి, పిరుదులు ఎర్రన, నెత్తిన టోపీ లేదు. ఈ రెండు జాతులకు తూర్పున గోదావరి ఇంచుమించు సరిహద్దుగా ఉండేదని జంతుశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇటీవలి దశాబ్దాలలో ఉత్తరపుకోతి నదికి దక్షిణాన కూడ విస్తరిస్తున్నది. వంతెనలు, పట్టి తెచ్చి వదలిన మనుషులు అందుకు కొంతవరకు కారణం. ఇంటిదగ్గర గుడిమీద చూచే కోతి ఈ రెంటిలో ఏదో తిరిగివచ్చిన తరువాత పరిశీలించవచ్చును.

చెట్లలో మద్ది, ఇప్ప, వెదురు హెచ్చు. ఇది ఆకురాల్చు అడవి గనుక జనవరి తరువాత కొండలు బోసిపోయి, వాగుల వెంట మాత్రం పచ్చని చారలు మిగులుతాయి. ఆ చారలు ఎక్కడ ఉన్నవో చూస్తే నీరు ఎక్కడ ఉన్నదో పటం లేకుండానే తెలుస్తుంది. కొబ్బరిచెట్ల నడుమ పుట్టిన కోనసీమ బాలునికి జీలుగుచెట్టు ముఖ్యంగా చూడదగినది. అదికూడ తాటి, కొబ్బరి కుటుంబానిదే. అయితే ఆకుకొసలు చేపతోకల వలె కత్తిరించినట్లు ఉంటాయి. కొబ్బరి ఏండ్లతరబడి కాస్తూనే ఉంటుంది. జీలుగు పెరిగినంతకాలం పూయక, చివరకు మొవ్వునుండి మొదలుపెట్టి క్రిందికి దిగుతూ గెలలు వేసి, ఆఖరి గెలతో తాను చచ్చిపోతుంది. కొండరెడ్లకు దాని కల్లు పానీయం, దాని మానులోని పిండి కరవునాటి ఆహారం. పేరంటపల్లి వద్ద లాంచీ ఆగినపుడు శివాలయం చూచి, వెదురుతో చేసిన వస్తువులు కొని వచ్చే యాత్రికులు ఈ నేర్పరులను పలకరించడం తక్కువ. గైడు ఆ ప్రాంతపువాడైతే చెట్లపేర్లు అడిగి వ్రాసుకొనవచ్చును. పుస్తకాలలో లేనివి కొన్ని దొరుకుతాయి.

ఈ దృశ్యం ఎంతకాలం ఇట్లే ఉంటుంది? పోలవరం జలాశయం పూర్తిమట్టం 150 అడుగులు. ఆ మట్టానికి నింపినపుడు ఈ ఇరుకులోయ సరస్సవుతుంది. ఒడ్డునున్న గూడేలు, పల్లపు అడవి నీటిపాలవుతాయి. నిలిచిన నీటిలో మట్టి అడుగుకు దిగుతుందన్నది అందరికి తెలిసిన సంగతే. ఎగువనున్న ఆనకట్టలవల్ల గోదావరి తెచ్చే ఒండ్రు ఇప్పటికే తగ్గిపోయినది. 1970–79 మధ్య ఏటా 15 కోట్ల టన్నులుగా ఉన్నది 2000–2006 నాటికి 6 కోట్ల టన్నులకు లోపైనదని డెల్టాను పరిశీలించినవారు లెక్కకట్టినారు. తీరాన కొన్నిచోట్ల సముద్రం నేలను కోసుకొంటున్నది. అందుచేత జలాశయం కోనసీమకు ఇవ్వబోయేది ఎంత, ఆపబోయేది ఎంత అన్న ప్రశ్నకు నీటిలెక్కతోపాటు మట్టిలెక్క కూడ వేయవలెను. వరదను పూర్తిగా ఆపగలదని కూడ అనుకొనరాదు. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటినవి. పై లెక్కలోని వరదకు అది ఏడింతలు. అదంతా ఈ సందులోనుండే వచ్చినది.

తరగతిలో చేయదగిన పని ఒకటి ఉన్నది. లాంచీవారి చేత బొక్కెనతో నది మధ్యనుండి ఒక సీసాడు నీరు తీయించి తేవలెను. యాత్రికుడు తాను వంగి తీయరాదు. అదే వారంలో పలివెల కాలువనీరు మరొక సీసాలో పట్టి, రెంటినీ కదపకుండా ఒక రాత్రి ఉంచి, అడుగున దిగిన మట్టి ఎత్తును కాగితపు పట్టీపై గుర్తుపెట్టవలెను. యాత్ర చలికాలంలోనిది గనుక రెండు సీసాలలోను మట్టి చాల తక్కువగా ఉంటుంది. ఎర్రనీరు వచ్చే ఆగస్టులో లాంచీ ఎక్కకుండానే కాలువనుండి మూడవ సీసా పట్టి వాటి ప్రక్కన పెట్టవచ్చును.